దాసుల గుడిసెలలో క్రైస్తవ కుటుంబము

క్రైస్తవ కుటుంబమనగా ఏది? ఆదివారమున దేవాలయమునకు వెళ్లువారి యిల్లని కొందరును, ఉదయ సాయంకాలములందు ప్రార్థించువారి యిల్లని కొందరును చెప్పుదురు. ఈ మాటలు సత్యమే. అయితే దేవాలయము లేనిచోట, చదువ నేర్చుట నేరమైనచోట, భార్యాభర్తలు కలసియుండుటకే హక్కులేనిచోట అట్టి కుటుంబము నిలుచుట యెట్లు? అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణభాగమున ప్రత్తి, పొగాకు, వరి, చెరకు తోటలలో పాటుపడిన దాసకుటుంబముల చరిత్ర యీ ప్రశ్నకు ఉత్తరమిచ్చుచున్నది.

అమెరికా తెలుగు సంఘములు ఎరిగిన దేశమే. శామ్యూలు డే దొరగారు 1836లో ఆ దేశమునుండి వచ్చి, 1840లో నెల్లూరున బాప్తిస్టు మిషను పనిని ప్రారంభించిరి. ఆ సంవత్సరములలోనే ఆ దేశమున లక్షలకొలది నల్లజాతివారు, వారిలో బాప్తిస్మము పొందినవారు సయితము, సంతలో పశువులవలె అమ్మబడుచుండిరి. దాసులు గల యజమానుని మిషనరీగా పంపవచ్చునా యను వివాదముచేత 1845లో అక్కడి బాప్తిస్టులు రెండుగా చీలిపోయిరి.

చట్టము విడదీసిన కుటుంబము

1619లో ఇరువదిమందికి పైగా ఆఫ్రికావారు వర్జీనియా తీరమునకు తేబడిరి. 1662లో ఆ సీమవారు ఒక చట్టము చేసిరి. దానినిబట్టి తల్లి దాసియైనచో బిడ్డయు దాసుడే. బాప్తిస్మము పొందినవాడు స్వతంత్రుడగునేమో యని యజమానులు భయపడుచుండగా, బాప్తిస్మమువలన దాస్యము తొలగదని 1667లో మరియొక చట్టము చేసిరి. ఇట్లు తల్లి గర్భమును, బాప్తిస్మపు నీళ్లును కూడ యజమానుని లెక్కపుస్తకమునకు లోబడవలసివచ్చెను.

1860వ సంవత్సరపు జనాభా లెక్కలలో దాసుల సంఖ్య 39,53,760. వారిలో ఏ ఒక్కరి వివాహమును చట్టము అంగీకరింపలేదు. ప్రత్తిసేద్యము అలబామా, మిసిసిప్పి, లూసియానా ప్రాంతములకు వ్యాపించినకొలది, వర్జీనియా, మేరీలాండు మొదలగు పాతసీమలనుండి దాసులను ఆ ప్రక్కకు తరలించుచు వచ్చిరి. 1790 మొదలు 1860 వరకు ఇట్లు తరలింపబడినవారు సుమారు పదిలక్షలమంది. భర్త ఒకచోటికి, భార్య యొకచోటికి, బిడ్డలు వేరొకచోటికి పోయిరి. అందుచేత దాసుల పెండ్లిలో కొందరు బోధకులు మరణమువరకు అను మాటకు బదులుగా మరణమైనను దూరమైనను విడదీయువరకు అని చెప్పించుచుండిరి. అమ్మబడిన భర్తగల స్త్రీ మరల పెండ్లాడవచ్చునా యను ప్రశ్న 1835లో సవన్నా నదీప్రాంతపు బాప్తిస్టు బోధకుల యెదుటికి వచ్చినప్పుడు, అట్టి యెడబాటు మరణముతో సమానమని వారు తీర్పుచెప్పిరి. అమ్మిన యజమానుని మాత్రము ఎవరును ప్రశ్నింపలేదు.

రెండు విధములైన బోధ

యజమానులు దాసులకు సువార్త బొత్తిగా వినిపింపలేదని చెప్పరాదు. జార్జియాలోని లిబర్టీ కౌంటీలో ఛార్లెస్ కోల్కాక్ జోన్సు అను ప్రెస్బిటేరియను బోధకుడు తోటతోటకు తిరిగి బోధించుచు, ప్రశ్నోత్తరముల పుస్తకమును వ్రాసెను. ఆయనకును దాసులుండిరి. జార్జియాలో 1829 నుండి దాసులకు చదువు చెప్పుట నేరము గనుక, పాఠమంతయు నోటిమాటగానే జరుగుచుండెను. 1833లో ఆయన ఫిలేమోనుకు వ్రాసిన పత్రికనుండి ప్రసంగించుచు, పారిపోవుట పాపమనియు, విధేయత ధర్మమనియు నొక్కి చెప్పగా, వినువారిలో సగముమంది లేచి బయటికి నడచిపోయిరి. ఈ సంగతిని ఆయనయే వ్రాసి ప్రకటించెను. చదువురానివారైనను ఏది సువార్తయో, ఏది యజమానుని సౌకర్యమో ఆ జనులు ఎరుగుదురు.

వారి నిజమైన ఆరాధన రాత్రివేళ జరుగుచుండెను. పగలంతయు పొలమున పాటుపడి, చీకటిపడిన తరువాత గుడిసెలలోనో, అడవిలో కొమ్మలతో కట్టిన చాటునో కూడుకొనుచుండిరి. ధ్వని బయటికి పోకుండుటకు తడిపిన దుప్పట్లను చుట్టును వ్రేలాడగట్టుదురు. ఇనుపకుండను గుమ్మమునొద్ద బోర్లించినయెడల అది శబ్దమును పట్టుకొనునని నమ్ముదురు. కావలిగుంపులకు చిక్కినవారికి కొరడాదెబ్బలు తప్పవు. అయినను ఆ కూటములు ఆగలేదు. బిడ్డలు పాటలను, ప్రార్థనలను, మోషే దానియేలుల కథలను తలిదండ్రుల నోటనుండియే నేర్చుకొనిరి.

భార్య వేరొక తోటలోనుండిన పురుషునికి శనివారపు రాత్రి ప్రయాణమే భక్తికి పరీక్ష. యజమానుని అనుమతిచీటి చేతబట్టుకొని, వారమంతయు పనిచేసిన కాళ్లతో మైళ్లకొలది నడచి, దొరికిన చేపనో వేటమాంసమునో తెచ్చి, ఆదివారము బిడ్డలతో గడపి, సోమవారము తెల్లవారకముందే తిరిగి పొలమునకు చేరవలెను. తండ్రి యెప్పుడు అమ్మబడునో తెలియదు గనుక కుమారునికి తండ్రి పేరో, తాత పేరో పెట్టుట వారిలో వాడుక. మనిషి పోయినను పేరు ఇంటిలో నిలుచును. తల్లి పోయిన బిడ్డలను ప్రక్కగుడిసెలోని వృద్ధురాలు చేరదీయును. ఆమెకు ఆ బిడ్డలు రక్తసంబంధము లేకున్నను, అత్తయని పిలిచి ఆమె మాట వినుచుండిరి.

జోసయా హెన్సన్ కుటుంబము

ఈ చరిత్రకంతటికి ఒక్క కుటుంబము సాక్ష్యముగా నున్నది. జోసయా హెన్సన్ 1789లో మేరీలాండులో పుట్టెను. తోట మేస్త్రీ తన భార్యపై దౌర్జన్యము చేయగా అతనిని కొట్టినందుకు జోసయా తండ్రికి నూరు కొరడాదెబ్బలు కొట్టి, చెవి కోసి, పిమ్మట అలబామాకు అమ్మివేసిరి. ఆయన సంగతి ఆ కుటుంబమునకు మరల తెలియలేదు. కొన్నియేండ్లకు యజమానుడు చనిపోగా ఆరుగురు బిడ్డలను ఒక్కొక్కరినిగా వేలములో అమ్మిరి. కడసారి బిడ్డనైనను తనతో కొనుమని తల్లి క్రొత్త యజమానుడైన ఐజాక్ రైలీ కాళ్లపై బడగా, అతడామెను తన్నెను. తరువాత ఆ బాలుడు వేరొకనియొద్ద వ్యాధిచే చావనైయుండగా, రైలీ తక్కువ వెలకు వానిని కొనుటచేత తల్లియొడికి చేరెను. ఆ తల్లియే ప్రభువు నేర్పిన ప్రార్థనను అతనికి నేర్పెను. అతనికి మొదటి గురువు ఆమెయే.

పదునెనిమిదేండ్ల ప్రాయమున అతడు మొదటి ప్రసంగము విని మారుమనస్సు పొందెను. 1825లో రైలీ అతనిని నమ్మి, అతని కుటుంబముతోపాటు పదునెనిమిదిమంది దాసులను కెంటకీకి తీసికొనిపొమ్మని పంపెను. దాస్యము లేని ఒహాయో రాష్ట్రపు రేవులో అక్కడివారు వారందరిని నిలిచిపొమ్మని చెప్పిరి. ఇచ్చిన మాట తప్పరాదని హెన్సన్ వారిని ముందుకు నడిపించెను. కొన్నియేండ్లకు ఆ దాసులు అమ్మబడిరి. ఆ నాడు వారిని తిరిగి సంకెళ్లలోనికి తెచ్చితినని ఆయన తరువాత మిక్కిలి దుఃఖపడెను. మాట నిలుపుకొనుట సుగుణమే. కాని యెవరికిచ్చిన మాట, ఎవరి ప్రాణములతో చెల్లించునదియని కూడ భక్తుడు యోచింపవలెను.

తన్ను కూడ అమ్మజూచిరని తెలిసిన పిమ్మట, 1830లో హెన్సన్ భార్యతో నాలుగురు బిడ్డలతో పారిపోవ నిశ్చయించెను. భార్య మొదట భయపడెను. పిమ్మట ఒప్పుకొని, ఇద్దరు చిన్నబిడ్డలు పట్టునంతటి ముతకగుడ్డ సంచిని కుట్టెను. వారిని ఆ సంచిలో వీపున మోయుటకు అతడు రాత్రులయందు అలవాటుచేసికొనెను. ఆకలితోను, అడవిమార్గములతోను పోరాడి అక్టోబరు 28న వారు కనడా నేలపై కాలుమోపిరి.

అక్కడ పెద్దకుమారుడు టామ్ బడికి పోయి చదువ నేర్చెను. హెన్సన్ బోధకుడే గాని చదువురాదు. ఒక ఆదివారమున కుమారుడు 103వ కీర్తనను చదివి, దావీదు ఎవరని తండ్రి నడిగెను. తండ్రికి సరియైన ఉత్తరము తోచలేదు. తండ్రికి చదువురాదని గ్రహించిన ఆ బాలుడు తానే నేర్పుదునని చెప్పెను. నలువదియేండ్లు దాటిన తండ్రి సిగ్గును విడిచి, చలికాలపు రాత్రులలో కట్టెల మంట వెలుగున కుమారునియొద్ద అక్షరములు నేర్చుకొనెను. తరువాత ఆయన పారివచ్చినవారి బిడ్డలకొరకు డాన్ అను పల్లెలో పాఠశాల స్థాపింప తోడ్పడి, 1883లో ప్రభువునందు నిద్రించెను.

స్వాతంత్ర్యము వచ్చినప్పుడు

1865లో రాజ్యాంగపు 13వ సవరణవలన దాస్యము రద్దాయెను. ఆ ప్రజలు మొట్టమొదట కోరినవాటిలో రెండు ముఖ్యమైనవి: వివాహము, వెదకుట. ముప్పదేండ్లు కలసి బ్రతికిన వృద్ధదంపతులు కూడ తమ వివాహమును వ్రాయించుకొన వచ్చిరి. 1866లో నార్తు కరోలినా చట్టము ప్రకారము 25 సెంట్లు చెల్లించి కౌంటీ కచేరీలో పేర్లు నమోదు చేయించుకొనవలసియుండెను. అప్పుడే కూలి చూడనారంభించిన చేతులు ఆ సొమ్మును సంతోషముతో నిచ్చెను.

వెదకుట యింకను కష్టమైన పని. ఫిలడెల్ఫియాలో వెలువడు క్రిస్టియన్ రికార్డరు మొదలగు సంఘపత్రికలలో తప్పిపోయిన తల్లికొరకు, భార్యకొరకు, బిడ్డకొరకు ప్రకటనలు అచ్చుపడెను. న్యూ ఆర్లియన్సులోని మెథడిస్టు పత్రిక 1870ల చివరనుండి యిట్టి ఉత్తరములకు ప్రత్యేకముగా చోటు కేటాయించి, బోధకులు వానిని వేదికలపైనుండి చదివి వినిపింపవలెనని కోరెను. చదువురానివారును విని, తమవారి పేరేమైన వచ్చునేమో యని కాచుకొనియుందురు. దొరికినవారు కొందరే. వెదకినవారు అనేకులు.

దొరికినవారిలో ఎల్లా షెపర్డు తల్లి యొకతె. చిన్ననాడే తల్లినుండి వేరుచేయబడిన ఎల్లా, యుద్ధానంతరము నాష్‌విల్లులోని ఫిస్కు పాఠశాలలో చదివి, 1871లో దేశసంచారమునకు బయలుదేరిన జూబిలీ గాయకులలో నొకతె యాయెను. తోటల గుడిసెలలో దాచిపాడిన పాటలను వారు సముద్రములు దాటించి, ఆ సొమ్ముతో తమ పాఠశాలకు గొప్ప భవనము కట్టిరి. ఎల్లా తన తల్లిని మిసిసిప్పిలో కనుగొని తనయింటికి తెచ్చుకొనెను.

ఈ చరిత్ర తోటకుటుంబములకు చెప్పునది

1860లోనే మద్రాసునుండి ట్రూరో అను ఓడ కూలీలను నేటాలు చెరకుతోటలకు తీసికొనిపోయెను. వారిలో తెలుగువారును కలరు. వారు దాసులు కారు. ఒప్పందమునకు గడువుండెను, వివాహమునకు గుర్తింపును కోరదగియుండెను. ఈ భేదమును మరువరాదు. 1903లో జాన్ రంగయ్యగారు తెలుగుదేశమునుండి ఆ తోటలకు పోయి కీర్స్‌నీలో తెలుగు బాప్తిస్టు సంఘమును స్థాపించిరి. దాసులకు రాత్రివేళ అడవిలో దొరికినది, ఈ జనులకు పగటివెలుగున దొరికెను.

కాబట్టి తీరికలేదని ప్రార్థన మానువారు, కొరడాకు వెరవక ఇనుపకుండ బోర్లించినవారిని తలచుకొందురు గాక. కూలిసొమ్మును సారాయి దుకాణమున విడిచి ఇంటికి వట్టిచేతులతో వచ్చు భర్త, చేపను చేతబట్టుకొని మైళ్లు నడచిన భర్తను తలచుకొనును గాక. తల్లిదండ్రులు లేని బిడ్డ వరుసయిండ్లలో నున్నప్పుడు, ప్రక్కగుడిసెలోని వృద్ధురాలిని తలచుకొందురు గాక. చదువురాని తండ్రి తన బిడ్డయొద్ద అక్షరము దిద్దుటకు సిగ్గుపడనక్కరలేదు. చట్టము కాదన్న కుటుంబమును వారు ప్రతిదినము ప్రేమతో కట్టుకొనిరి. చట్టము కాపాడుచున్న కుటుంబమును కోపముచేతను, త్రాగుడుచేతను, అలక్ష్యముచేతను పడగొట్టుకొనువారు వారికేమని చెప్పగలరు?