కడపటి గుండు

మనింటి పప్పుకీ పిస్తోలు గుండుకీ సంబంధమేమిటంటారా? చెబుతాను. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండేది బొంరాస్‌పేట చుట్టుపక్కల నేలల్లోనే. ఆ చేలకు పెద్ద శత్రువు అడవిపంది.

2016 దాకా బొంరాస్‌పేట మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఆ జిల్లాకి పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పులివేటలో మహా మొనగాడు. (ఆయన పేరు తలుచుకుంటే పాము విషం దిగిపోతుందనీ జనం నమ్మేవారు. అది వేరే కథ!) ఆ కాలపు వేటలో, పులి ఏనుగు మీదికి ఎగబడితే కాల్చడానికని అంబారీలో పొట్టి జోడుగొట్టాల పిస్తోలు ఒకటి ఉంచుకునేవారు. గాయపడ్డ జంతువు పొదలో దూరితే వెతికి బాధ తీర్చడం కాల్చినవాడి బాధ్యతే. పారిపోయి నాలుగు రోజులు కుళ్ళి చావడం కంటే అది నయం కదూ?

ఇక్కడే గుండు సంగతి వస్తుంది. రాగి తొడుగు నిండా ఉన్న గట్టి గుండు, గోనెసంచిలో దబ్బనంలా సన్నటి చిల్లు చేసి అవతలికి పోతుంది. జంతువు పరిగెడుతూనే ఉంటుంది. ముక్కు మెత్తగా ఉన్న సీసపు గుండయితే లోపల విచ్చుకుని చప్పున పడేస్తుంది. కలకత్తా దగ్గర డమ్‌డమ్ కార్ఖానాలో తయారైంది ఈ రకమే. యుద్ధంలో మనుషుల మీద వాడకూడదని 1899లో హేగ్‌లో ఒప్పందం రాసుకున్నారు. మనిషికి క్రూరమన్నదే మృగానికి దయ అయింది, చిత్రం చూడండి!

పిస్తోలు దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. దాని గుండుకి వేగం తక్కువ. పంది తోలు మందం, పుర్రె గట్టిది. మెత్తని గుండు పైపైనే చితికిపోతుంది. అందుకని బరువైన, గట్టి గుండే వాడాలి, అదీ బాగా దగ్గరనుంచి. మన దగ్గర మామూలు జనానికి లైసెన్సు మీద ఎక్కువగా దొరికే .32 రకం పందికి చాలదు.

1972 చట్టంతో వేట ముగిసింది. మనుషులకి ప్రమాదమైనదాన్నీ, ఇక కోలుకోలేనిదాన్నీ అనుమతితో చంపవచ్చునని మాత్రం అందులో ఉంది. పంటని నాశనం చేసే పందుల విషయంలో ఆ అనుమతి అధికారాన్ని 2021లో తెలంగాణలో సర్పంచులకి అప్పగించారు. కాల్చేది రైతు కాదు, గుర్తింపు పొందిన షూటరే. సర్పంచి పదవుల్లో సగం ఆడవాళ్ళవి కాబట్టి, ఆ కాగితం చాలా ఊళ్ళలో ఓ అమ్మగారి ముందుకే వస్తుంది. ఏ తుపాకీ తెస్తున్నావు నాయనా, దెబ్బతిన్నది చీకట్లో తప్పించుకుంటే వెతికేదెవరు అని ఆవిడ సంతకానికి ముందే అడగవచ్చు.