క్రీడా కంకషన్: వ్యాయామం, కోలుకునే క్రమం

ఆటలోనో సాధనలోనో తలకు, మెడకు లేదా ఒంటికి తగిలిన దెబ్బ ధాటికి మెదడు అదిరి, దాని పనితీరు కొంతకాలం దెబ్బతినడాన్ని క్రీడా కంకషన్ అంటారు. మెదడుకు తగిలే తేలికపాటి గాయాల్లో ఇది ఒకటి. లక్షణాలన్నీ పోయేదాకా కదలకుండా విశ్రాంతి తీసుకోవడమే దీనికి చికిత్స అని చాలాకాలం నమ్మారు. ఇప్పుడు మొదటి 24 నుంచి 48 గంటలు మాత్రమే విశ్రాంతి చెప్పి, ఆ తర్వాత లక్షణాలు పెద్దగా పెరగనంత మోతాదులో ఏరోబిక్ వ్యాయామం మొదలుపెట్టిస్తున్నారు. అయితే వ్యాయామానికి అనుమతి వేరు, ఆటకు అనుమతి వేరు. మొదటిది లక్షణాలు ఉండగానే దొరుకుతుంది. తలకు మళ్లీ దెబ్బ తగిలే అవకాశమున్న ఆటకు మాత్రం లక్షణాలు పూర్తిగా తగ్గాక, వైద్యుడు సరేనన్నాకే అనుమతి.

గాయం తీరు

దెబ్బ తగిలిన వెంటనే మెదడు కణాల పొరల గుండా పొటాషియం బయటికి, కాల్షియం లోపలికి ప్రవహిస్తాయి. గ్లూటమేట్ అనే రసాయనం ఒక్కసారిగా విడుదలవుతుంది. చెదిరిన ఈ సమతౌల్యాన్ని సరిచేయడానికి కణాలకు ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే మెదడుకు రక్తప్రసరణ తగ్గుతుంది. అవసరానికీ సరఫరాకూ మధ్య ఏర్పడే ఈ లోటును క్రిస్టఫర్ గిజా, డేవిడ్ హోవ్డా 2001లో రాసిన సమీక్ష విపులంగా వివరించింది. దెబ్బతినేది ప్రధానంగా పనితీరు కాబట్టి మామూలు సీటీ, ఎమ్మారై స్కాన్‌లలో సాధారణంగా ఏమీ కనిపించదు.

గుండె వేగాన్ని, రక్తపోటును మన ప్రమేయం లేకుండా నడిపించే స్వయంచాలిత నాడీవ్యవస్థ కూడా ఈ గాయంతో గాడి తప్పుతుంది. శ్రమ పెరిగినప్పుడు మెదడులో రక్తప్రసరణ ఉండాల్సినంత అదుపులో ఉండదు. కూర్చుంటే బాగానే ఉన్న ఆటగాడికి నాలుగు మెట్లు ఎక్కగానే తలనొప్పి రావడానికి ఇది ఒక కారణం.

లక్షణాలు, ప్రమాద సంకేతాలు

తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, వెలుతురు లేదా చప్పుడు భరించలేకపోవడం, ఏకాగ్రత కుదరకపోవడం, మతిమరుపు, చిరాకు, నిద్ర తీరు మారడం సాధారణ లక్షణాలు. ఎక్కువమందికి స్పృహ తప్పదు. స్పృహ తప్పలేదు కాబట్టి కంకషన్ కాదనుకోవడం పొరపాటు. కొన్ని లక్షణాలు గంటల తర్వాత గానీ, మర్నాడు గానీ బయటపడతాయి.

అనుమానం వస్తే ఆటగాణ్ని వెంటనే మైదానం బయటికి తీసుకురావాలి. ఆ రోజు మళ్లీ ఆడనివ్వకూడదు. పదేపదే వాంతులు, మూర్ఛ, అంతకంతకూ పెరిగే తలనొప్పి, ఒకటి రెండుగా కనిపించడం, కాళ్లూచేతుల్లో బలహీనత లేదా తిమ్మిరి, తీవ్రమైన మెడనొప్పి, మగత పెరగడం లేదా స్పృహ తప్పడం కనిపిస్తే ఇంటికి కాదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

విశ్రాంతి నుంచి వ్యాయామానికి

క్రీడా కంకషన్‌పై తొలి అంతర్జాతీయ సదస్సు 2001లో వియన్నాలో జరిగింది. ఆటకు మెట్టుమెట్టుగా తిరిగి రావాలన్న సూత్రం అక్కడే రూపుదిద్దుకుంది. కానీ ఆ తర్వాతి సంవత్సరాల్లోనూ లక్షణాలు పోయాకే మొదటి మెట్టు ఎక్కాలన్న భావనే నడిచింది. కొందరు వైద్యులు దీన్ని మరింత కఠినంగా పాటించి, పుస్తకాలు, టీవీ, స్నేహితులు కూడా వద్దని పిల్లల్ని చీకటి గదుల్లో ఉంచమనేవారు.

ఈ పద్ధతిపై 2015లో పీడియాట్రిక్స్ పత్రికలో ఒక పరీక్ష ఫలితం వచ్చింది. 11 నుంచి 22 ఏళ్ల వారిలో కొందరికి 5 రోజుల కఠిన విశ్రాంతి, మిగతావారికి మామూలుగా చెప్పే ఒకటి రెండు రోజుల విశ్రాంతి సూచించారు. కఠిన విశ్రాంతి వల్ల మేలు జరగకపోగా, ఆ బృందమే ఎక్కువ లక్షణాలు చెప్పింది. 2016లో కెనడాలోని అత్యవసర విభాగాలకు వచ్చిన 2,413 మంది పిల్లలను పరిశీలించిన అధ్యయనం జామా పత్రికలో వెలువడింది. మొదటి వారంలో ఏదో ఒక శారీరక శ్రమ చేసినవారిలో 24.6 శాతం మందికి, చేయనివారిలో 43.5 శాతం మందికి నెల తర్వాత కూడా లక్షణాలు మిగిలాయి. ఇది కేవలం పరిశీలన. తేలికగా గాయపడినవారే ముందుగా లేచి తిరిగి ఉండవచ్చన్న సందేహానికి ఇందులో చోటుంది.

ఆ సందేహాన్ని తీర్చడానికి యాదృచ్ఛిక పరీక్షలు కావలసి వచ్చాయి. అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో జాన్ లెడ్డీ, బారీ విల్లర్ బృందం అంతకుముందే, నెలల తరబడి తగ్గని లక్షణాలున్నవారితో జాగ్రత్తగా వ్యాయామం చేయించి చూసింది. 2019లో ఆ బృందం 13 నుంచి 18 ఏళ్ల 103 మంది ఆటగాళ్లపై జరిపిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. గాయమైన మొదటి పది రోజుల్లోనే ఒక బృందానికి ఏరోబిక్ వ్యాయామం, రెండో బృందానికి ఒళ్లు సాగదీసే తేలికపాటి కసరత్తులు ఇచ్చారు. మధ్యగత విలువ ప్రకారం మొదటి బృందం 13 రోజుల్లో, రెండోది 17 రోజుల్లో కోలుకున్నాయి. 118 మందితో 2021లో వెలువడిన మరో పరీక్షలో ఇవి 14, 19 రోజులు. లక్షణాలు నాలుగు వారాలు దాటే ముప్పు వ్యాయామ బృందంలో 48 శాతం తక్కువగా కనిపించింది. 2022 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగి, 2023లో ప్రకటన వెలువరించిన ఆరో సదస్సు ఈ ఆధారాలతోనే తొలి రోజుల వ్యాయామాన్ని చికిత్సగా గుర్తించింది.

వ్యాయామం ఎందుకు మేలు చేస్తుందన్న దానికి పలు వివరణలు ఉన్నాయి. స్వయంచాలిత నాడీవ్యవస్థ తిరిగి గాడిన పడటం, మెదడు రక్తప్రసరణ అదుపు మెరుగవడం, నిద్ర, మానసిక స్థితి బాగుపడటం వీటిలో ముఖ్యమైనవి. ఎక్కువకాలం కదలకుండా ఉంటే శరీర సామర్థ్యమే తగ్గి, అలసట, కళ్లు తిరగడం లాంటి లక్షణాలు కంకషన్ వల్ల వచ్చినవో, పడక వల్ల వచ్చినవో తేల్చడం కష్టమవుతుంది.

మోతాదు నిర్ణయించే తీరు

మందులాగే వ్యాయామానికీ మోతాదు కావాలి. దాన్ని లెక్కగట్టడానికి బఫెలో బృందం ట్రెడ్‌మిల్ పరీక్షను రూపొందించింది. సమతలంగా ఉన్న ట్రెడ్‌మిల్‌పై వడిగా నడక మొదలుపెట్టిస్తారు. నిమిషానికి 1 శాతం చొప్పున వాలు పెంచుతారు. ప్రతి నిమిషం గుండె వేగాన్ని నమోదు చేసి, లక్షణాలు ఎంత ఉన్నాయో 0 నుంచి 10 దాకా అంకె వేయమంటారు. పరీక్షకు ముందున్న స్థాయి కన్నా 3 అంకెలు పెరిగినా, వ్యక్తి పూర్తిగా అలసిపోయినా ఆపేస్తారు. లక్షణాలు పెరిగి ఆపిన క్షణాన ఉన్న గుండె వేగమే అతని పరిమితి.

ఆ పరిమితిలో 80 నుంచి 90 శాతం దగ్గర రోజూ 20 నిమిషాల వ్యాయామం సూచిస్తారు. పరిమితి నిమిషానికి 150 అయితే లక్ష్యం 120 నుంచి 135 మధ్య ఉంటుంది. కోలుకునే కొద్దీ మళ్లీ పరీక్షించి మోతాదు పెంచుతారు. నడక, నిలకడ సైకిల్, మెల్లని పరుగు దీనికి సరిపోతాయి. మామూలు సైకిల్‌పై రోడ్డెక్కడం, జనంతో కిక్కిరిసిన మైదానంలో పరుగెత్తడం ఇప్పుడు తగవు, పడితే మళ్లీ దెబ్బ తగలవచ్చు.

వ్యాయామం చేసేటప్పుడు లక్షణాలు కొద్దిగా పెరగడం ప్రమాదం కాదు. 0 నుంచి 10 కొలతలో 2 అంకెలకు మించకుండా పెరిగి, గంటలోపు తగ్గిపోతే దాన్ని స్వల్ప పెరుగుదలగా లెక్కిస్తారు. అంతకు మించితే ఆనాటికి ఆపి, మర్నాడు మళ్లీ ప్రయత్నించాలి.

మైదానానికి ఆరు మెట్లు

ఆమ్‌స్టర్‌డామ్ ప్రకటన ఆరు మెట్లు సూచిస్తుంది. ఒక్కో మెట్టుకు సాధారణంగా కనీసం 24 గంటలు పడుతుంది.

1. నడక లాంటి రోజువారీ పనులు, లక్షణాలు స్వల్పానికి మించి పెరగనంత వరకు.
2. ఏరోబిక్ వ్యాయామం. మొదట గరిష్ఠ గుండె వేగంలో సుమారు 55 శాతం దాకా, తర్వాత 70 శాతం దాకా. గరిష్ఠ వేగాన్ని 220లోంచి వయసు తీసేసి అంచనా వేస్తారు. పదహారేళ్లవారికి అది 204. అంటే ముందు సుమారు 112, తర్వాత 143.
3. ఒంటరిగా చేసే ఆట కసరత్తులు: పరుగు, దిశ మార్చడం. తలకు దెబ్బ తగిలే అవకాశం ఉండకూడదు.
4. ఒకరినొకరు తాకని జట్టు సాధన.
5. పూర్తి స్థాయి సాధన.
6. మ్యాచ్.

ఇందులో కీలకమైన గీత మూడో మెట్టుకూ నాలుగో మెట్టుకూ మధ్య ఉంది. మొదటి మూడు మెట్లు స్వల్ప లక్షణాలతోనూ ఎక్కవచ్చు. నాలుగో మెట్టుకు ముందు గాయానికి సంబంధించిన లక్షణాలు పూర్తిగా పోవాలి, శ్రమ తర్వాత కూడా తిరిగి రాకూడదు. పై మెట్లలో లక్షణాలు కనిపిస్తే మూడో మెట్టుకు దిగిరావాలి. సగటున లక్షణాలు తగ్గడానికి సుమారు 14 రోజులు, పూర్తిగా ఆటకు తిరిగి రావడానికి సుమారు 20 రోజులు పడుతున్నట్టు ఆమ్‌స్టర్‌డామ్ సమీక్షల్లో తేలింది.

పిల్లలకు బడి కూడా ఈ క్రమంలో భాగమే. నెలల తరబడి మాన్పించకుండా, తక్కువ పీరియడ్లతో, మధ్యమధ్య విరామాలతో తరగతికి పంపాలి. పూర్తి చదువు, ఆ తర్వాతే పూర్తి ఆట. మొదటి 48 గంటలు ఫోన్, టీవీ బాగా తగ్గిస్తే త్వరగా కోలుకుంటున్నట్టు 2021లో ఒక పరీక్ష చూపింది. ఆ తర్వాత వాటిని పూర్తిగా మానాల్సిన పని లేదు.

లక్షణాలు తగ్గకపోతే

నాలుగు వారాలు దాటినా లక్షణాలు పోకపోతే వాటిని దీర్ఘకాలికంగా పరిగణిస్తారు. అప్పుడు వ్యాయామం ఒక్కటే చాలదు. మెడ కండరాలు, లోపలి చెవిలోని సమతౌల్య వ్యవస్థ, కంటి కదలికలు, మైగ్రేన్, నిద్రలేమి, ఆందోళన... వీటిలో మూలం ఏదో వెతకాలి. మెడనొప్పి, తలతిరుగుడు పది రోజులకు మించి ఉంటే ఫిజియోథెరపిస్టు వద్ద మెడకు, సమతౌల్యానికి ప్రత్యేక కసరత్తులు చేయించాలని సూచిస్తారు.

క్రీడా నిబంధనల్లో

క్రికెట్‌లో అంతర్జాతీయ మండలి 2019 ఆగస్టు 1 నుంచి కంకషన్ సబ్‌స్టిట్యూట్‌ను అనుమతించింది. అదే నెలలో లార్డ్స్ టెస్టులో జోఫ్రా ఆర్చర్ బంతి స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. ఆనాటి పరీక్షల్లో నెగ్గి అతను మళ్లీ బ్యాటింగ్‌కు వచ్చాడు. మర్నాటికి లక్షణాలు బయటపడటంతో అతని స్థానంలో మార్నస్ లబుషేన్ దిగి, టెస్టుల్లో తొలి కంకషన్ సబ్‌స్టిట్యూట్ అయ్యాడు. లీడ్స్ టెస్టుకు దూరమైన స్మిత్, తర్వాతి టెస్టులో మాంచెస్టర్‌లో 211 పరుగులు చేశాడు. మైదానంలో నెగ్గిన ఒక్క పరీక్షతో కంకషన్ లేదని తేల్చలేమని ఆ ఉదంతం చూపింది.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 2009లో చేసిన లిస్టెట్ చట్టం ప్రకారం, కంకషన్ అనుమానమున్న బాల క్రీడాకారుణ్ని ఆట నుంచి తప్పించాలి, వైద్య నిపుణుడి రాతపూర్వక అనుమతి లేకుండా తిరిగి ఆడనివ్వకూడదు. మిగతా రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలు చేశాయి. అక్కడి బడుల్లో చదివే తెలుగు పిల్లలకూ ఇవే వర్తిస్తాయి. తెలుగు పల్లెల్లో పట్టు, విసురు, నేలకేసి పడటం సహజమైన కబడ్డీ కోర్టు దగ్గర ట్రెడ్‌మిల్, వైద్యుడు ఉండకపోవచ్చు. అక్కడ వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) చేయగల పని స్పష్టంగానే ఉంది: అనుమానం వస్తే ఆ రోజుకు ఆపడం, ప్రమాద సంకేతాలు గమనించడం, వైద్యుడికి చూపించడం. రెండు రోజుల తర్వాత నడక మొదలుపెట్టించి, మణికట్టు నాడి చూస్తూ పెంచవచ్చు.

పరిమితులు

వ్యాయామ చికిత్సకు ఉన్న బలమైన ఆధారాల్లో ఎక్కువ భాగం కౌమార దశలోని ఆటగాళ్ల నుంచి వచ్చినవే. చిన్నపిల్లలు, పెద్దలు, పదేపదే గాయపడినవారి విషయంలో ఆధారాలు తక్కువ. మెదడులో రక్తస్రావం, పుర్రె చిట్లడం, మెడ ఎముకల గాయం ఉన్నవారికి ఈ పద్ధతి వర్తించదు. గుండె జబ్బు ఉన్నవారికి ట్రెడ్‌మిల్ పరీక్షే తగకపోవచ్చు. అందుకే మోతాదు వైద్య పరీక్ష తర్వాత ఒక్కొక్కరికి విడివిడిగా నిర్ణయిస్తారు.