జెరార్డ్ మాన్లీ హాప్కిన్స్

జెరార్డ్ మాన్లీ హాప్కిన్స్ (1844 జులై 28 – 1889 జూన్ 8) ఆంగ్ల కవి, యేసు సభకు చెందిన కతోలిక గురువు. సన్యాస జీవితానికి కవిత్వం అడ్డమని తలచి కలం పక్కన పెట్టిన ఈయనే, తరువాత ఆ రెండింటికీ మూలం ఒకటేనని గ్రహించి ఆంగ్ల ఛందస్సులో కొత్త దారి తెరిచాడు.

బాల్యం, విద్య

హాప్కిన్స్ ఎసెక్స్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌లో తొమ్మిదిమంది సంతానంలో పెద్దవాడుగా పుట్టాడు. తండ్రి ఓడల బీమా నష్టాలను లెక్కగట్టే వృత్తిలో ఉంటూనే కవితలు ప్రచురించాడు. తమ్ముళ్లలో ఆర్థర్, ఎవరార్డ్ చిత్రకారులయ్యారు. హైగేట్ పాఠశాలలో 1860లోనే కవితా బహుమతి అందుకున్న హాప్కిన్స్‌కు చిత్రలేఖనంలోనూ గట్టి అభినివేశం ఉండేది. మేఘాల తీరును, కొమ్మలు చీలే పద్ధతిని, నీటి సుడులను బొమ్మలుగా గీయడమే కాక దినచర్య పుస్తకాల్లో మాటలతోనూ అంతే సూక్ష్మంగా చిత్రించాడు.

విశ్వాస మార్గం

1863లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియల్ కళాశాలలో చేరేనాటికి, ఆంగ్లికన్ సంఘంలో ప్రాచీన సంస్కారాలకు, పూజావిధికి పూర్వపు ప్రాధాన్యం తేవాలన్న ఉద్యమ ప్రభావం అక్కడ ఇంకా బలంగా ఉంది. దివ్యసత్ప్రసాదంలో, అంటే ఆరాధనలో అర్పించే రొట్టె ద్రాక్షారసాలలో, క్రీస్తు నిజంగా కొలువై ఉంటాడన్న నమ్మకం ఆయనలో స్థిరపడింది. తల్లిదండ్రులు ఎంతగా బాధపడినా వెనుదీయక, 1866 అక్టోబరు 21న జాన్ హెన్రీ న్యూమన్ చేతుల మీదుగా కతోలిక సంఘంలో చేరాడు. 1868లో తన పద్యాలను తగులబెట్టి, వ్రతాలకు ముందు రెండేళ్లు సాగే శిక్షణ అయిన నోవిషియేట్‌లో ప్రవేశించాడు.

మౌనం, పునరారంభం

పెద్దలు కోరితే తప్ప కవిత్వం రాయకూడదన్న నియమాన్ని ఆయన దాదాపు ఏడేళ్లు పాటించాడు. ఈ వ్యవధిలోనే, ప్రతి వస్తువుకూ దానిదే అయిన విశిష్టత ఉంటుందని చెప్పిన మధ్యయుగ తత్త్వవేత్త డన్స్ స్కోటస్ రచనలు చదివి, తాను ‘ఇన్‌స్కేప్’ అని పేరుపెట్టిన అంతర్గత రూపానికి వాటిలో సమర్థన చూశాడు. ఆ రూపాన్ని దర్శించడం సృష్టికర్తను దర్శించడమేనన్న ఎరుక ఆయన కవితకు ప్రాణమైంది. 1875 డిసెంబరులో ‘డాయిచ్‌లాండ్’ అనే ఓడ థేమ్స్ ముఖద్వారం దగ్గర ఇసుకతిన్నెకు తగిలి, జర్మనీ చట్టాల వల్ల దేశం విడిచి వస్తున్న ఐదుగురు ఫ్రాన్సిస్కన్ మఠకన్యలు మరణించారు. వేల్స్‌లోని సెయింట్ బ్యూనోస్ విద్యాలయంలో వేదాంతశాస్త్రం చదువుతున్న హాప్కిన్స్, ఈ దుర్ఘటనపై ఎవరైనా పద్యం రాస్తే బాగుండునని అక్కడి పెద్ద అన్న మాటను అనుమతిగా తీసుకొని 35 చరణాల కావ్యం రచించాడు. యేసు సభ పత్రిక ‘ది మంత్’ దానిని ప్రచురించలేదు. 1877 సెప్టెంబరు 23న ఆయన గురుపట్టాభిషేకం జరిగింది.

ఛందస్సు

ఆయన రూపొందించిన ‘స్ప్రంగ్ రిథమ్’లో పాదానికి ఊనికతో పలికే అక్షరాలే లెక్క, వాటి నడుమ ఊనిక లేని అక్షరాల సంఖ్య మారుతూ ఉండవచ్చు. పాదంలో హల్లుల వరుసను తిరిగి వినిపించే వేల్ష్ పద్యరీతిని కూడా ఆయన అభ్యసించి ఆంగ్లంలోకి తెచ్చాడు. యతిప్రాసలకు అలవాటుపడిన తెలుగు చెవికి ఈ నాదబంధం సులువుగా పట్టుబడుతుంది.

చివరి సంవత్సరాలు

లివర్‌పూల్, గ్లాస్గో నగరాల్లో పేదల మధ్య సేవచేసిన హాప్కిన్స్, 1884లో డబ్లిన్ యూనివర్సిటీ కళాశాలలో గ్రీకు ఆచార్యుడయ్యాడు. పరీక్షపత్రాలు దిద్దే భారం, అనారోగ్యం, ఒంటరితనం నడుమ రాసిన సానెట్లలో, అంటే 14 పాదాల పద్యాలలో, దేవుడు తన మొర వినడం లేదన్న వేదన తీవ్రంగా పలికింది. అయినా ఆ మొర దేవునికే చెప్పుకోవడంలో ఆయన విశ్వాసపు దృఢత్వం తెలుస్తుంది. టైఫాయిడ్‌తో మరణించిన ఆయన కవితలను మిత్రుడు రాబర్ట్ బ్రిడ్జెస్ 1918లో ప్రచురించాడు. 750 ప్రతుల ఆ సంపుటి నెమ్మదిగా అమ్ముడైనా, 1930 నాటి రెండో ముద్రణ తరువాత హాప్కిన్స్ ఆధునిక ఆంగ్ల కవిత్వంపై గాఢమైన ప్రభావం చూపిన కవిగా గుర్తింపు పొందాడు.