ఖమ్మం హాస్టళ్లలో పెట్టిన సంతకాలు

2009 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, మరుసటి నెలలో గుజరాత్‌లోని వడోదరలో హెచ్‌పీవీ టీకా కార్యక్రమం ప్రారంభమైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను అడ్డుకునే ఈ టీకాను సార్వత్రిక టీకాల జాబితాలో చేర్చవచ్చునా అన్నది తేల్చడమే దాని లక్ష్యం. అమెరికన్ సంస్థ పాత్, భారతీయ వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం దానిని కలిసి నడిపాయి. నిధులు గేట్స్ ఫౌండేషన్‌వి. ఖమ్మంలో ఎంచుకున్న మండలాలు భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం. 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి మూడు మోతాదుల చొప్పున టీకా వేయాలని నిర్ణయించారు.

వీరిలో అనేకులు ఆశ్రమ పాఠశాలల్లో, సంక్షేమ హాస్టళ్లలో చదువుకుంటున్న గిరిజన, దళిత బాలికలు. తల్లిదండ్రులు దూరాన తండాల్లో, గూడేల్లో ఉంటారు. అంగీకార పత్రాలపై సంతకం చేయడానికి వారి కోసం వెళ్లవలసిన యంత్రాంగం సులభమార్గం వెతుక్కుంది. తర్వాతి విచారణ పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలతో, 2,763 వార్డెన్లు లేదా ప్రధానోపాధ్యాయుల సంతకాలతో ఉన్నాయి. బిడ్డ శరీరంలోకి ఏమి వెళుతోందో తల్లికి చెప్పవలసిన చోట, వార్డెన్ సంతకం చేస్తే చాలునన్నారు. అది తెలియక జరిగిన పొరపాటు కాదు, అనుమతించిన పద్ధతి.

2010 మార్చిలో సమా అనే మహిళా ఆరోగ్య సంస్థ భద్రాచలం వెళ్లి ఈ వ్యవహారాన్ని బయటపెట్టింది. అప్పటికే రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు మరణించారు. ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని నిలిపివేసింది. మరణాలకు టీకాతో సంబంధం ఉండే అవకాశం లేదని విచారణ కమిటీ తేల్చింది. పాముకాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు అందులో ఉన్నాయి. అయితే దుష్ఫలితాల పర్యవేక్షణ, అంగీకార విధానం సరిగా లేవని అదే కమిటీ చెప్పింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం మరింత ఘాటుగా మాట్లాడి, పాత్‌ను, వైద్య పరిశోధన మండలిని, ఔషధ నియంత్రణ వ్యవస్థను తప్పుపట్టింది.

ఈ రెండు తీర్పులూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. అయినా తరువాతి దశాబ్దమంతా వాదులాట ఈ రెండింటిలో ఒకదాన్ని మాత్రమే పట్టుకుని సాగింది. టీకా చంపిందన్నవారు వైద్యుల నివేదిక చదవలేదు; టీకా మంచిదే కదా అన్నవారు వార్డెన్ సంతకాన్ని చిన్న విషయంగా తీసేశారు. గెలిచినది అనుమానం. టీకా మందుల దుకాణాల్లో దొరుకుతూనే ఉండేది, కాని ఉచిత జాబితాలో ఉండేది కాదు. కనుక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడు ఇవ్వలేకపోయేవాడు. ప్రైవేటు వైద్యుడు సూచిస్తే ధర వేలల్లో ఉండేది. ఆ పైన, బాలికలు చనిపోయిన టీకా ఇదే కదా అన్న ప్రశ్న.

నష్టం ఎవరిది? 2020లో దేశంలో ఈ క్యాన్సర్ సుమారు 1,24,000 మంది మహిళలకు సోకిందని, 77,000 మందిని బలిగొన్నదని అంతర్జాతీయ అంచనా.

ఇదే సమయంలో మరో అధ్యయనం కూడా మధ్యలో ఆగింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రెండు, మూడు మోతాదులను పోల్చి చూస్తుండగా నిషేధం పడింది. దానితో వేలాది బాలికలకు ఒక్క మోతాదే అందింది. ఏళ్ల తరబడి వారిని గమనిస్తే ఆ ఒక్క మోతాదూ రక్షణనిచ్చిందని తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు విధానాన్ని ఆమోదించడానికి చూపిన ఆధారాల్లో ఇదీ ఒకటి. ఎవరూ కోరని ప్రయోగం అది.

సిక్కిం 2018లో తన పాఠశాలల్లో ఈ టీకా వేయించింది. 2023లో సీరం సంస్థ దేశీయ టీకా సెర్వావ్యాక్ మార్కెట్లోకి వచ్చింది. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో నిర్మలా సీతారామన్, 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామన్నారు. ఆ వాక్యంలో తేదీ లేదు. భద్రాచలం ఆశ్రమ పాఠశాలలో ఈసారి అంగీకార పత్రం ఎవరి చేతికి వెళుతుందో కూడా లేదు.