రాత్రి (1992 చలనచిత్రము)

రాత్రి: రాంగోపాల్ వర్మ రచించి, దర్శకత్వము వహించిన భయానక చలనచిత్రము. 1992లో విడుదలయైన దీనిని ‘రాత్’ అను పేర హిందీలోను ఏకకాలమున నిర్మించిరి. నాయిక రేవతి, మాంత్రికుడు ఓం పురి, ఛాయాగ్రాహకుడు, తరువాత దర్శకుడుగా ప్రసిద్ధిగాంచిన తేజ. నేపథ్యసంగీతకర్తగా మణిశర్మకు తొలి అవకాశ మిచ్చినది ఈ చిత్రమే.

మొయినాబాదునుండి చేవెళ్లకు బోవు బాటకిరువైపుల నూడలు దింపిన మఱ్ఱిమ్రాకులను జూచినపుడు, మన జానపదుల ఊహ దయ్యములకు నివాస మెచ్చట నేర్పరచినదో స్ఫురించును. వర్మ ఆ భయమును చెట్టునుండి దింపి, మధ్యతరగతి కుటుంబ మొకటి క్రొత్తగా దిగిన ఇంటిలోనికి, అచ్చటినుండి ఆ ఇంటి యువతి మనస్సులోనికి ప్రవేశపెట్టెను. సినిమాహాలులో ప్రేక్షకులందఱు అదృశ్యులై ఆమె యొక్కతెయే మిగులు ఘట్టము తెలుగు భయానకచిత్రములలో అగ్రగణ్యమని చెప్పదగును. రక్తపాతముకంటె నిశ్శబ్దమునే, శూన్యస్థలములలో మెల్లగా కదలు కెమెరానే ఈ చిత్రము నమ్ముకొన్నది.

ఇంతటి కృతికి దక్కవలసిన ఆదరణ నాడు దక్కలేదు. ఇండ్లలో దీనిని చూచుటకు తొలినాళ్లలో వీడియో క్యాసెట్టే శరణ్యము; సుమారు 240 గీతల స్పష్టతమాత్రమే గల వీహెచ్ఎస్ టేపు, ప్రతికి ప్రతి తీసినకొలది నీడలలోని ఛాయాభేదములను మింగివేయును గనుక, చీకటియే ప్రాణమైన తేజ చిత్రణకు ఆ మాధ్యమమువలన తీరని అన్యాయము జరిగినది. హిందీరూపము పిదప డీవీడీగా వెలువడినది. తెలుగురూపమును మూలపు నెగెటివునుండి శ్రద్ధతో పునరుద్ధరింపవలసి యున్నది.