మహమ్మారి కాలంలో వైద్యుల తర్ఫీదు: గాంధీ ఆసుపత్రి అనుభవం (2020–2022)

ఉపోద్ఘాతం

వైద్యవిద్యలో పుస్తకజ్ఞానం ఎంత ముఖ్యమో రోగి మంచం పక్కన గడిపే కాలమూ అంతే ముఖ్యం. రెసిడెన్సీ అనే పద్ధతికి ఇదే పునాది. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1889లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం ఆస్లర్, విలియం హాల్‌స్టెడ్ అనే వైద్యులు దీనికి రూపమిచ్చారు. యువ వైద్యులు ఆసుపత్రిలోనే నివసించేవారు గనుక దానికి ఆ పేరు వచ్చింది. మన దేశంలో ఎం.డి., ఎం.ఎస్. చదివే మూడు సంవత్సరాలు ఇటువంటివే. ఈ విద్యార్థులను మన పత్రికలు జూనియర్ డాక్టర్లనీ జూడాలనీ పిలుస్తాయి.

ఈ తర్ఫీదుకు రెండు ఆధారాలున్నాయి. ఒకటి, రకరకాల రోగులను చూడడం. రెండు, పై తరగతివారు కింది తరగతివారికి నేర్పడం. కోవిడ్ కాలంలో ఈ రెండూ ఏమయ్యాయో సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రి ఆధారంగా పరిశీలిద్దాం.

1. ఒకే వ్యాధికి పరిమితమైన ఆసుపత్రి

2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం గాంధీని పూర్తిగా కోవిడ్ ఆసుపత్రిగా మార్చింది. తక్కిన రోగులు ఇతర ఆసుపత్రులకు వెళ్లవలసి వచ్చింది. ఎముకలు, కళ్లు, శస్త్రచికిత్స వంటి విభాగాల్లో చేరినవారు కూడా పీపీఈ కిట్లు తొడుక్కొని కోవిడ్ వార్డుల్లో నిలబడ్డారు. పాఠాలు చాలావరకు ఆన్‌లైన్‌కు మారాయి. కాని కత్తి పట్టడం తెర మీద నేర్చుకొనే విద్య కాదు.

2020 జూన్ 9న ఒక రోగి మరణించినప్పుడు బంధువులు ఒక జూనియర్ డాక్టరుపై దాడి చేశారు. జూడాలు ఆసుపత్రి ముందు బైఠాయించారు. రక్షణతోపాటు, కోవిడ్ చికిత్సను ఇతర ఆసుపత్రులకు కూడా పంచాలని వారు కోరారు. ఆ తరువాత, సాధారణ సేవలు లేక తమ చదువు కుంటుపడుతోందని కూడా మొరపెట్టుకున్నారు. 2020 నవంబరులో ఆ సేవలు మొదలైనా, రెండవ అల రాగానే 2021 ఏప్రిల్‌లో ఆసుపత్రి మళ్లీ కోవిడ్‌కే పరిమితమైంది.

2. తెగిన వరుస

2021 ఏప్రిల్ 18న జరగవలసిన నీట్ పీజీ ప్రవేశపరీక్ష వాయిదా పడింది. మే 3న కేంద్రం కొన్ని నిర్ణయాలు ప్రకటించింది. పరీక్షను కనీసం నాలుగు నెలలు ఆపుతారు. కొత్తవారు చేరేవరకు తుది సంవత్సరం పీజీలు కొనసాగవచ్చు. హౌస్ సర్జన్లు అధ్యాపకుల పర్యవేక్షణలో కోవిడ్ విధులు చేస్తారు. చివరి సంవత్సరం ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు ఫోన్ ద్వారా సలహాలివ్వడానికీ, స్వల్ప లక్షణాలున్నవారిని చూడడానికీ సహాయపడతారు. వంద రోజుల కోవిడ్ సేవ చేసినవారికి ప్రభుత్వ నియామకాల్లో ప్రాధాన్యం ఉంటుంది.

పరీక్ష సెప్టెంబరు 11న జరిగింది. అయితే రిజర్వేషన్ల వివాదం సుప్రీంకోర్టుకు చేరడంతో కౌన్సెలింగ్ 2022 జనవరి 12న గాని మొదలుకాలేదు. ఈలోగా తుది సంవత్సరంవారు పరీక్షలు ముగించి వెళ్లారు. దేశమంతటా మూడు తరగతులు చేయవలసిన పని రెండు తరగతుల మీద పడింది. 2021 డిసెంబరులో ఢిల్లీ రెసిడెంట్ డాక్టర్లు వీధికెక్కడానికి కారణం ఇదే.

3. పరిశీలన

ఈ సర్దుబాట్లను తప్పుపట్టడం తేలిక. కాని ఆ రోజుల్లో వేరే చేతులు లేవు. ఈ విద్యార్థులే లేకుంటే వార్డులు నడిచేవి కావు. పర్యవేక్షణ ఉండాలన్న షరతు మే 3 నిర్ణయంలో ఉండడం కూడా గమనార్హం. విద్యార్థిని విద్యార్థిగానే చూడాలన్న గుర్తింపు అందులో ఉంది. లోపం మరొకచోట ఉంది. విద్యార్థి చేసే సేవకు లెక్క ఉంది, వంద రోజులకు ప్రతిఫలమూ ఉంది. అతడు కోల్పోయిన శస్త్రచికిత్సలను, చూడని రోగులను ఎలా భర్తీ చేయాలన్నది ఆ నిర్ణయాల్లో లేదు.

ముగింపు

గాంధీలో సాధారణ సేవలు 2021 ఆగస్టులో తిరిగి ప్రారంభమయ్యాయి. అయితే ఆ మూడేళ్లలో చదివినవారికి ఆ మూడేళ్లు తిరిగి రావు. సేవ ద్వారానే శిక్షణనిచ్చే ఏ సంస్థకైనా, మన వేదాంత కళాశాలలతో సహా, ఈ చరిత్ర ఒక ప్రశ్న వేస్తుంది: ఆపత్కాలంలో విద్యార్థి చేత పని చేయించుకున్న తరువాత, అతనికి బాకీపడిన చదువును ఎవరు, ఎప్పుడు తీరుస్తారు?