గనుల సీమలో పాలపిట్ట దర్శనం

విజయదశమినాడు జమ్మిచెట్టు దగ్గర పూజ చేసి, ఊరి పొలిమేరల్లో పాలపిట్టను చూసి రావడం తెలంగాణ అంతటా ఉన్నట్టే రామగుండం, గోదావరిఖని ప్రాంతంలోనూ పాత ఆచారమే. వానలు తగ్గే ఆశ్వయుజంలో తీగల మీద, మోడుల మీద వాలే ఈ పిట్ట, కూర్చున్నంతసేపూ గోధుమవన్నె రొమ్ముతో సాదాగా కనబడి, ఎగిరినప్పుడు మాత్రమే రెక్కల్లోని లేత, ముదురు నీలపు పట్టీలను విప్పుతుంది. శీతాకాలానికి దూరదేశాల నుంచి గోదావరికి చేరే బాతుల్లా కాక, ఇది ఎక్కువగా స్థానిక వలసకే, అంటే రుతువును బట్టి దగ్గరి చోట్లకు మారడానికే, పరిమితమవుతుంది. పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ 1931-32లో నిజాం రాజ్యపు పక్షులను సర్వే చేసేనాటికి గోదావరిఖని గనుల పట్టణంగా ఇంకా పుట్టనేలేదు. పిట్టను పంజరంలో పెట్టి, చూపించి డబ్బు అడగడం ఆచారానికి పట్టిన చీడ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం కూడా.